యంత్రం వేసే తాళం

మహబూబ్‌నగరంలో నా దగ్గర వయొలిన్ నేర్చుకొనే పిల్లలందరిదీ ఒకటే జబ్బు: సులువైన చోట పరుగు, కష్టమైన చోట నడక! రెండు చేతులకూ పనే గనుక తాళం పాదానికి అప్పగిస్తారు. ఆ పాదమేమో కమాను వెంటే పోతుంది. ఇక తప్పు వాళ్లకు ఎలా వినబడుతుంది?

అందుకే మెట్రోనోము పెట్టిస్తున్నాను. 1815లో మేల్జెల్ పేటెంటు పుచ్చుకున్న ఆ యంత్రం పని నేడు సెల్‌ఫోనే చేస్తున్నది. నిమిషానికి 60 దెబ్బలు చాలు. సరళీస్వరాలు మొదటి కాలంలో దెబ్బకొకటి, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. కుదిరాక వేగం మార్చకుండా దెబ్బలు మాత్రం 30కి తగ్గించండి. యంత్రం రెండక్షరాలకొకసారే పలుకుతుంది. నడిమి అక్షరం పిల్లవాడే మోయాలి. అసలు సాధన అదే.

"2022లో పద్మశ్రీ అందుకున్న మన కిన్నెర మొగులయ్యగారి పక్కన యంత్రముందా?" అని ఒక తండ్రిగారు నిలదీశారు. బాగానే అడిగారు! కాని కిన్నెర మీటేదీ, పాడేదీ ఆయనే. లయ ఆయనతోనే నడుస్తుంది. మీ అమ్మాయి రేపు శ్రీరామనవమి పందిట్లో మృదంగంతో కలవాలి కదండీ!

రాగాలాపన వేళ మాత్రం యంత్రాన్ని ఆపివేయండి. దానికి తాళం లేదు.