జిరాక్స్ కామన్ నౌనా, ప్రాపర్ నౌనా? ఈ చిన్న తేడాకే కోర్టుల దాకా వెళ్లారు!

షాపుకెళ్లి 'ఆధార్ కార్డు జిరాక్స్ తీయండి' అంటాం. అక్కడున్న మెషీన్ కానన్‌ది కావొచ్చు, ఇంకెవరిదైనా కావొచ్చు. మనకు మాత్రం అది జిరాక్సే. నిజానికి జిరాక్స్ ఓ అమెరికన్ కంపెనీ పేరు. అంటే ఇంగ్లిష్ గ్రామర్ ప్రకారం ప్రాపర్ నౌన్. దాన్ని మనం కామన్ నౌన్ చేసేశాం.

అసలు తేడా ఏంటంటే.. ఒక రకానికి చెందిన అన్నింటికీ సరిపోయే పేరు కామన్ నౌన్. వాటిలో ఒక్కదాన్నే చూపించే పేరు ప్రాపర్ నౌన్. రివర్ కామన్, గోదావరి ప్రాపర్. అంతే.

చిక్కంతా రాసేటప్పుడే. మన లిపిలో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు లేవు. ఇంగ్లిష్‌లో మాత్రం ప్రాపర్ నౌన్ వాక్యంలో ఎక్కడొచ్చినా క్యాపిటల్ లెటర్‌తోనే మొదలవ్వాలి. రివర్ అని ఊరికే రాస్తే చిన్నక్షరం చాలు. కృష్ణా రివర్ అని పేరుగా రాస్తే రెండు మాటలకీ క్యాపిటల్. సండే, జనవరికి క్యాపిటల్ కావాలి, సమ్మర్, వింటర్‌కి అక్కర్లేదు (లాజిక్ అడగొద్దు, రూల్ అంతే). భాషల పేర్లకూ తప్పనిసరి. రెజ్యూమేలో 'ఇంగ్లిష్ బాగా వచ్చు' అని రాసి, ఆ ఇంగ్లిష్‌నే చిన్నక్షరంతో మొదలుపెడితే ముందు కంట్లో పడేది అదే.

రూల్స్ కూడా మారుతుంటాయి. ఇంటర్నెట్‌కు ఒకప్పుడు క్యాపిటల్ రాసేవారు. న్యూస్ ఏజెన్సీ అసోసియేటెడ్ ప్రెస్ 2016లో దాన్ని తీసేసింది.

కంపెనీలకైతే ఇది గ్రామర్ గొడవ కాదు, బిజినెస్ గొడవ. తమ బ్రాండ్ పేరును జనం ఆ రకం వస్తువులన్నింటికీ వాడేస్తే ట్రేడ్‌మార్కే పోవచ్చు. ఎస్కలేటర్ ఒకప్పుడు ఓటిస్ కంపెనీ బ్రాండ్. 1950లో అమెరికాలో ఆ హక్కు పోయింది. 1963లో థర్మస్‌కూ కోర్టులో ఎదురుదెబ్బే తగిలింది. అందుకే జిరాక్స్ కంపెనీ 'మా పేరు కాదు, ఫొటోకాపీ అనండి' అంటూ ప్రకటనలు కూడా ఇచ్చింది. మన దగ్గర వింటే కదా!

గూగుల్‌పైనా ఇలాంటి కేసే పడింది. 'గూగుల్ చెయ్' అంటే నెట్‌లో వెతకడమే అయిపోయింది కాబట్టి ట్రేడ్‌మార్క్ రద్దు చేయాలన్నది వాదన. 2017లో అమెరికా అప్పీల్స్ కోర్టు ఒప్పుకోలేదు. పేరును క్రియగా వాడినంత మాత్రాన హక్కు పోదని, సెర్చ్ ఇంజిన్లన్నింటినీ జనం గూగుల్ అనే పిలుస్తున్నారా అన్నదే చూడాలని తేల్చింది.