రచ్చబండకు ఒక్క పెద్ద చాలడు

1935లో కృష్ణా పశ్చిమ డెల్టా కాలువల్లో తిరిగే ప్రయాణికుల పడవల్లోకి పుస్తకాలు కూడా ఎక్కాయి. తెనాలి దగ్గరి పెదపాలేనికి చెందిన పాతూరి నాగభూషణం చేసిన ఏర్పాటది. అప్పటికే ఈ ప్రాంతంలో ఊరూరా గ్రంథాలయాలు లేచాయి. 1914లో బెజవాడలో పుట్టిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం వాటన్నిటినీ ఒక తాటి మీదికి తెచ్చింది కానీ వాటి మీద పెత్తనం చెయ్యలేదు. ఊరి కమిటీ, ఊరి చందా, ఊరి తగవు. ఇప్పటి బాపట్ల జిల్లాలోని వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం ఆ రోజులకు మిగిలిన సాక్షి.

తెనాలి, రేపల్లె, బాపట్ల మధ్య నేలకు వాదించుకోవడం కొత్తేమీ కాదు. పురాణాలను నిలదీసిన త్రిపురనేని రామస్వామి చౌదరి తెనాలిలో సూతాశ్రమం కట్టుకుని ఉన్నారు. ఆయన్నే మునిసిపల్ చైర్మన్‌ని కూడా చేసిందా ఊరు. ఇవాళ ఆ వాదనంతా ఫోన్లోకి, ముఖ్యంగా వాట్సాప్ గ్రూపుల్లోకి చేరింది. గ్రూపుకు అడ్మిన్ ఉంటాడు సరే, వేదిక మాత్రం కంపెనీది. రేపు అక్కడి నియమం మారితే తెనాలి బోసు రోడ్డు కుర్రాడైనా, బాపట్ల వ్యవసాయ కళాశాల ప్రొఫెసరైనా తల ఊపాల్సిందే.

దీనికి విరుగుడుగా వచ్చినవే వికేంద్రీకృత వేదికలు. 2016లో జర్మనీలో ఆయ్‌గెన్ రోచ్‌కో అనే యువకుడు మొదలుపెట్టిన మాస్టడాన్, 2019లో మొదలైన లెమ్మీ వాటిలో ముఖ్యమైనవి. వీటికి ఒక యజమాని లేడు. ఎవరి సర్వర్ వారిది, ఎవరి నియమాలు వారివి. అయినా ఒక సర్వర్లో రాసింది మరో సర్వర్లో కనిపిస్తుంది, జవాబూ వస్తుంది. 2018లో ఖరారైన యాక్టివిటీపబ్ అనే ఉమ్మడి ప్రమాణం ఆ రాకపోకలు చూసుకుంటోంది. డెల్టా కాలువల్లో పడవలు చేసిన పనే అది.

ఈ వేదికల్లోకి వచ్చే కొత్తవాళ్లు మొదటి అడుగులోనే తడబడతారు. ముందు యాప్ దించుకుని, తర్వాత ఏం చెయ్యాలో తోచక మానేస్తారు. లెమ్మీకి వాయేజర్, జెర్బోవా, థండర్ ఉన్నాయి. మాస్టడాన్‌కు సొంత యాప్‌తో పాటు టస్కీ ఉంది. ఏది వాడినా ఖాతా అదే. అందుకని ముందు ఎంచుకోవలసింది సర్వర్ని. దాన్ని ఎవరు నడుపుతున్నారు, ఎంతమంది చూసుకుంటున్నారు, ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారు అన్నవి చూడాలి. యాప్ నచ్చకపోతే సాయంత్రానికల్లా మార్చుకోవచ్చు.

పెద్ద వేదిక మీద అలిగి జనం మూకుమ్మడిగా లేచి వెళ్లడం 2023లో ప్రపంచం చూసింది. రెడిట్ కంపెనీ బయటి యాప్‌లకు భారీ రుసుము పెట్టింది. వాటిలో ఒకటైన అపోలో యాప్ రాసిన వ్యక్తి తనకు ఏడాదికి దాదాపు 2 కోట్ల డాలర్లు పడుతుందని లెక్క చెప్పి, జూన్ 30న మూసేశాడు. వేల సమూహాలు తలుపులు మూసి నిరసన తెలిపాయి. చాలామంది లెమ్మీకి తరలిపోయారు.

బాపట్ల పక్కనే ఉన్న చీరాలకు ఈ కథ వందేళ్ల ముందే తెలుసు. చీరాల, పేరాలలను కలిపి మునిసిపాలిటీ చేసేసరికి ఏడాదికి 4 వేలున్న పన్ను 40 వేల రూపాయలకు ఎగబాకింది. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద జనం ఇళ్లు వదిలి ఊరి బయట పాకలు వేసుకున్నారు. దానికి రామ్‌నగర్ అని పేరు పెట్టారు. అక్కడ తగవులు వారే తీర్చుకున్నారు, కాపలాకు రామదండు అనే వాలంటీర్ల దళం ఉంది. ఎండకు ఎండి, వానకు తడిసి పదకొండు నెలలు నిలిచారు. ఈలోగా దుగ్గిరాలను జైలుకు పంపారు. జనం బలం సడలింది, తిరిగి పాత ఇళ్లకు చేరారు. అంత త్యాగం చేసినవాళ్లను నేను తప్పుపట్టను. కానీ బరువంతా ఒక్క మనిషి మీద ఆనితే ఏమవుతుందో రామ్‌నగర్ చూపించింది.

కొత్త వేదికలూ అదే దారిన పడుతున్నాయి. కేబిన్ అనే వేదికను రాసినవాడికి ఒంట్లో బాగాలేక 2024లో దాని ప్రధాన సర్వర్ ఆగిపోయింది. జర్మన్ల ఫెడిట్ సర్వర్ అడ్మిన్ అందుబాటులో లేక అదే ఏడాది పాడైంది, సభ్యులు మరోచోట కొత్తది పెట్టుకున్నారు. లెమ్మీలో పేరున్న లెమ్.ఈఈ సర్వర్‌ను నడిపేవారు అలసిపోయి 2025 జూన్ చివర మూసేశారు. ఈ మూడింట్లోనూ చేతులెత్తేసింది మనుషులే. సాంకేతికతను నిందించడానికి లేదు.

ఇంతకీ వాళ్లను అలసగొట్టే పనేమిటి? లెమ్మీలో ప్రతి సమూహానికీ మోడరేటర్లుంటారు, వారిపైన సర్వర్ అడ్మిన్లు. ఏది తీసేశారో అందరూ చూడగలిగే చిట్టా ఒకటుంటుంది. నాకు దీనిలో బాగా నచ్చింది ఆ చిట్టాయే. ఆఖరి అస్త్రం వేరే సర్వర్‌తో సంబంధం తెంచుకోవడం. 2023 జూన్‌లో బీహా అనే సర్వర్ నలుగురు అడ్మిన్లతో నెట్టుకురాలేక, పెద్దదైన లెమ్మీ.వరల్డ్‌తో తెగతెంపులు చేసుకుంది. ఇంకో చిక్కుంది. మీరు తీసేసిన మాట అప్పటికే పది సర్వర్లకు చేరి ఉండవచ్చు. తీసేయమని కబురు వెళుతుంది, పాటించడం మాత్రం వారి ఇష్టం.

తెలుగుకు వచ్చేసరికి పని ఇంకా బరువు. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగు తిట్టు చాలాసార్లు యంత్రానికి చిక్కదు. కారంచేడు (1985), చుండూరు (1991) దళితుల ఊచకోతలు జరిగిన నేల ఇది. పైకి మామూలుగా కనిపించే ఒక పేరు, ఒక వీధి ప్రస్తావన ఇక్కడ ఎవరిని గుచ్చుతుందో ఇక్కడివాళ్లకే తెలుస్తుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు కిందికి వదిలారు. అలాంటి రాత్రి రేపల్లె వైపు కరకట్ట తెగిందని ఒక్క వాయిస్ మెసేజ్ చాలు, జనం హడలిపోవడానికి. దాన్ని ఉంచాలో తీసేయాలో తేల్చాల్సిన మోడరేటర్‌కు పెనుమూడి ఎక్కడో, లంకలెక్కడో తెలిసి ఉండాలి. ఫోన్ చేసి కనుక్కునే మనిషి అక్కడ ఉండాలి.

వేడి చల్లార్చే విద్య కూడా ఇక్కడిదే. 1913 మేలో బి.ఎన్.శర్మ అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ బాపట్లలోనే జరిగింది. ప్రత్యేక రాష్ట్రం మాట వచ్చేసరికి కొన్ని జిల్లాల ప్రతినిధులకు అనుమానాలు కలిగాయి. పట్టుబట్టి తేల్చేయకుండా, జిల్లాలు తిరిగి అభిప్రాయం కూడగట్టే పని కొండా వెంకటప్పయ్య తదితరులకు అప్పగించారు. మరుసటి ఏడాది బెజవాడలో తీర్మానం నెగ్గింది. చర్చకు తాళం వేసి నాలుగు రోజులు ఆగే సదుపాయం లెమ్మీలోనూ ఉంది. మన అడ్మిన్లు దాన్ని వాడటానికి ఎందుకో మొహమాటపడతారు.

అడ్మిన్ అయితే కేసు మెడకు చుట్టుకుంటుందేమోనని భయపడేవారికి ఒక కబురు. సభ్యుడు పెట్టిన మెసేజ్‌కు వాట్సాప్ గ్రూపు అడ్మిన్‌ను దానంతటదే నేరస్థుణ్ని చెయ్యలేమని 2021లో బొంబాయి హైకోర్టు, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. తెలిసీ ఎగదోస్తే మాత్రం ఆ రక్షణ దొరకదు.

తెనాలిలోనో రేపల్లెలోనో ఎవరైనా సొంత సర్వర్ పెట్టదలిస్తే, డబ్బు లెక్కకన్నా ముందు ముగ్గురు అడ్మిన్లను వెతకండి. ముగ్గురిదీ ఒకే కులం, ఒకే పార్టీ, ఒకే బజారు కాకూడదు. నియమాలు తెలుగులో రాసి పెట్టండి. తాళాలు ముగ్గురి దగ్గరా ఉంచండి. అలాంటి ముగ్గురు దొరక్కపోతే, దొరికేదాకా ఆగండి.