మాటలకు ముందున్న భాష

రైలు పట్టాల ప్రక్కన పెరిగిన పిల్లలకు మాటలు లేని భాష క్రొత్త కాదు. పగటివేళ చేతిలో జెండా లేనప్పుడు రైల్వే ఉద్యోగి రెండు చేతులూ తలపైకి ఎత్తితే బండి ఆగవలసిందే. ఒక చేతిని కదలకుండా చాచి పట్టుకుంటే బండి సాగవచ్చును. అదే చేతిని పైకీ క్రిందికీ ఊపితే జాగ్రత్తగా రమ్మని అర్థం. చేయి ఒక్కటే అయినా కదలికను బట్టి భావం మారుతున్నది. నాట్యం ద్వారా బాలబాలికలకు భావప్రకటన నేర్పే విద్యకు మూలసూత్రం ఇదే.

బెంగాల్ నాగపూర్ రైల్వేతో పాటు పెరిగిన ఖరగ్‌పూర్ పట్టణంలో ఈ విద్యకు విశేష ప్రయోజనం ఉన్నది. రైల్వే కొలువులకై ఆంధ్ర తీర జిల్లాల నుండి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడ తరతరాలుగా స్థిరపడినవి. వారి ఇరుగుపొరుగున బెంగాలీ, హిందీ, ఒడియా మాట్లాడేవారున్నారు. తెలుగుకు అధికార భాషా ప్రతిపత్తి కల్పించాలని పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో నిర్ణయించింది. ఇంటిలో ఒక భాష, వీధిలో ఒక భాష, బడిలో మరొక భాష వినే పసివాడు తరగతిలో మౌనంగా కూర్చుంటే మందబుద్ధి అని పెద్దలు పొరబడే ప్రమాదం ఉన్నది. వాని మనస్సులో ఉన్నది బయటపడడానికి మాట కాక వేరొక ద్వారం కావాలి.

మన పూర్వులు ఆ ద్వారాన్ని ఎరుగుదురు. నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా విభజించింది. నందికేశ్వరుని అభినయదర్పణం 28 అసంయుత హస్తాలను వివరించింది. చీరాల-పేరాల ఉద్యమ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, ఆనంద కుమారస్వామి కలిసి ఈ గ్రంథాన్ని ఆంగ్లంలోకి అనువదించగా 1917లో అమెరికాలో వెలువడింది. ఇందులోని పతాకహస్తం ఒక్కటే మేఘాన్ని, వనాన్ని, నదిని, రాత్రిని, వద్దనడాన్ని కూడా సూచిస్తుంది. సందర్భం, చూపు, గమనం తోడైనప్పుడే ఆ హస్తానికి అర్థం సిద్ధిస్తుంది.

ఖరగ్‌పూర్‌కు ఎంతో దూరం లేని ప్రాంతాలలోనే ఛౌ నృత్యం పుట్టింది. 2010లో యునెస్కో దీనిని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. పురూలియా ఛౌలో ముసుగు ముఖాన్ని కప్పివేస్తుంది కనుక కోపమైనా, ఉత్సాహమైనా శరీరమే చెప్పాలి. మయూర్‌భంజ్ ఛౌలో ముసుగు ఉండదు. పశుపక్ష్యాదుల నడకలు, పల్లె గృహిణుల నిత్యకృత్యాలు ఈ నృత్యంలో అడుగులైనవి. పిల్లవాడు చూచిన లోకమే వాని పాఠం కాగలదనడానికి ఇది నిదర్శనం.

ఐరోపాలో రుడాల్ఫ్ లాబన్ 1948లో ప్రచురించిన గ్రంథంలో బడిపిల్లలకు తగిన నృత్యవిద్యను ప్రతిపాదించాడు. బరువు, కాలం, స్థలం, ప్రవాహం అనే నాలుగు అంశాలతో ఆయన కదలికను పరిశీలించాడు. ఈ పద్ధతిని ఏ ఉపాధ్యాయుడైనా సులభంగా ఆచరించవచ్చును. ఒక బాలిక ఖాళీ బిందెను, తరువాత నిండు బిందెను మోస్తున్నట్లు నడుస్తుంది. తేడా ఏమిటో తక్కినవారు కనిపెడతారు. పిదప ఒకరు నీళ్లని, ఒకరు జల్ అని, మరొకరు పానీ అని అంటారు. చూచినది ఒక్కటే కనుక మూడు మాటలూ అందరికీ అర్థమవుతాయి.

అయితే కొన్ని జాగ్రత్తలు అవసరం. ముద్రలను పద్యం వలె కంఠస్థం చేయిస్తే పిల్లలు అనుకరిస్తారే గాని సంభాషించలేరు. బిడియపడే బిడ్డను బలవంతంగా ముందుకు నెట్టరాదు. బధిర బాలలు వాడే సంజ్ఞాభాష స్వంత వ్యాకరణం గల సంపూర్ణ భాష. నాట్యం దాని స్థానాన్ని ఆక్రమించరాదు. అదే విధంగా మాతృభాషలో చదువుకు కూడా నాట్యం ప్రత్యామ్నాయం కాదు.

చేయి ఎత్తినంత మాత్రాన సంకేతం పూర్తి కాదు. ఎదుట ఉన్న డ్రైవరు దానిని చూచి గ్రహించాలి. తరగతిలో కూడా అంతే. పిల్లవానికి చెప్పడం నేర్పేటప్పుడు తక్కినవారికి చూడడం నేర్పాలి. పొరుగువాని మనస్సును మాటకు ముందే గ్రహించే అలవాటు బాల్యంలో అలవడితే, పలు భాషల పట్టణంలో ఏ బిడ్డా పరాయివాడు కాడు.