ఉర్దూ లిపి, యంత్రం, రెండు తరాలు

తెలుగు ప్రాంతాల్లోని అనేక ముస్లిం కుటుంబాలలో నేడు ఒక విచిత్ర పరిస్థితి కానవస్తున్నది. తాత, మనుమడు ఇంట్లో మాట్లాడుకొనేది ఒకే ఉర్దూ. కాని తాత వ్రాసిన జాబును మనుమడు చదవలేడు. మనుమడు ఫోనులో ఇంగ్లీషు అక్షరాలతో వ్రాసిన ఉర్దూ తాతకు బోధపడదు. పెద్దలు దీన్ని పిల్లల అశ్రద్ధగా తేల్చివేస్తారు. బోధనా భాష మారటం పెద్ద కారణమే. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో బోధించింది. 1948 తరువాత ఆ ఏర్పాటు తొలగిపోయింది. అయితే ఇందులో యంత్రాల పాత్రను గమనించినవారు తక్కువ.

ఉర్దూ వ్రాసే నస్తాలీఖ్ లిపి యంత్రానికి సులభంగా లొంగేది కాదు. పదంలోని స్థానాన్ని బట్టి అక్షరం రూపు మార్చుకుంటుంది. పదం కుడినుండి ఎడమకు ఏటవాలుగా దిగుతుంది. ఒకే వరుసలో నిలిచే సీసపు అచ్చులకు ఇది కుదరలేదు. అందువల్ల కాతిబ్ చేతితో వ్రాసిన పుటనే రాతిమీదికి ఎక్కించి అచ్చువేసేవారు. మద్రాసులో 1927లో ప్రారంభమైన 'ది ముసల్మాన్' దినపత్రిక 21వ శతాబ్దంలో కూడా కాతిబుల చేతివ్రాతతోనే వెలువడింది. పాకిస్తాన్‌లో మిర్జా అహ్మద్ జమీల్ వేలకొలది అక్షర సంయోగాలను ఒక్కొక్కటిగా తీర్చి యంత్రానికి అందించగా, 1981లో లాహోరు 'జంగ్' పత్రిక ఆ నూరీ నస్తాలీఖ్‌తో వెలువడింది. 1994లో ఇన్‌పేజ్ రాకతో అది మామూలు కంప్యూటరుకు చేరింది. కాతిబుల జీవనోపాధి ఏమైనదన్నది వేరే ప్రశ్న, విచారకరమైన ప్రశ్న.

ఇది అచ్చు సంగతి. ఇంటి జాబు సంగతి వేరు. 1970 దశకంలో గల్ఫ్ దేశాలకు వెళ్ళినవారి జాబులను, చదువురాని దాదీలకు, నానీలకు ఇంటి పిల్లలే చదివి వినిపించేవారు. జవాబు వ్రాసేదీ వారే. ఫీజులేని ఉర్దూ పాఠశాల అదే. తరువాత టేపురికార్డరు వచ్చింది. కొడుకు తన గొంతునే క్యాసెట్టులో పంపాడు. ఆ తల్లికి అదెంతో మేలు, కాదనరాదు. కాని చదివి వినిపించే పిల్లవాడితో పని తీరిపోయింది. ఎస్.టి.డి. బూతులు, సెల్‌ఫోను వచ్చేసరికి జాబే నిలిచిపోయింది. తొలి సెల్‌ఫోన్లలో చాలావాటికి ఉర్దూ అక్షరాలు తెలియవు. ఐఫోన్‌లో నస్తాలీఖ్ 2017లో గాని రాలేదు. అప్పటికే యువకుల వ్రేళ్ళు ఇంగ్లీషు అక్షరాలకు అలవాటుపడ్డాయి.

లిపి మారితే పోయేది అందం మాత్రమే కాదు. 'జాల్'తో వ్రాసిన నజీర్ అంటే హెచ్చరించేవాడు. 'జోయ్'తో వ్రాస్తే సాటి, సమానుడు. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రెండూ ఒకే తీరున వ్రాయబడతాయి. తన పేరుకు అర్థమేమిటని మనుమడు అడిగితే, ఏ అక్షరమని తాత ఎదురుప్రశ్న వేస్తాడు. ఆ ప్రశ్నే ఇతనికి అర్థం కాదు.

ఇంతకంటె గంభీరమైన విషయం పాత కాగితాలది. గడువుగల ఋణాన్ని వ్రాసిపెట్టుకొనుమని అల్ బఖరా సూరా 282వ ఆయత్ ఆదేశిస్తున్నది. వ్రాసిన పత్రం చదివేవారికోసమే గదా! పెట్టె అడుగున నికాహ్‌నామా ఉంటుంది, అప్పుపత్రం ఉంటుంది, పంపకాల చిట్టా ఉంటుంది. వాటిలోని మహర్ మొత్తాన్ని, సాక్షుల పేర్లను వారసులు చదవలేకపోతే హక్కులే సందేహంలో పడతాయి.

దూరం పెంచిన ఫోనే ఇక్కడ పనికివస్తుంది. పెద్దవారు ఒక్కొక్క పత్రాన్ని పైకి చదువుతుండగా గొంతును రికార్డు చేయవచ్చును, పత్రానికి ఫొటో తీయవచ్చును. పిల్లలు ప్రక్కనే ఆ సారాంశాన్ని తెలుగులో వ్రాసుకోవాలి. పేర్ల దగ్గర మాత్రం తొందర కూడదు. అది 'జాల్' నజీరో, 'జోయ్' నజీరో తాతను అడిగి గుర్తుపెట్టుకోవాలి.