కారు రేడియో మూగబోతే...

పాత కారులో రేడియో పలకకపోతే అందరూ మొదట అనుమానించేది రేడియోనే. పాపం, అది నిర్దోషి అయినా సరే! అసలు దోషి చాలాసార్లు బయట ఉంటాడు. కారు ముందు మడ్‌గార్డు మీద అమాయకంగా ఆకాశంలోకి చూస్తూ నిలబడి ఉంటుందే, మన పెద్దవాళ్లు ఏరియల్ అని పిలిచే ఆ యాంటెన్నా, దాని కాలి కింద, కంటికి కనబడని చోట, తడిసి చిలుముపట్టిన ఒక అతుకు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. కానీ ఒక మీటరు తీగముక్కా, ఒక మల్టీమీటరూ ఉంటే ఈ దొంగను మనం పట్టుకోవచ్చు.

ఇది నాకు పుస్తకాల్లో తెలిసిన సంగతి కాదు. షేక్‌పేటలో మా మేనమామకు 1980ల నాటి ప్రీమియర్ పద్మిని కారు ఒకటి ఉంది. 1976 జనవరిలో అన్నపూర్ణ స్టూడియో ప్రారంభమైన తర్వాత ఆ చుట్టుపక్కల రాళ్లగుట్టలు క్రమంగా సినిమా ఊరయ్యాయి. షేక్‌పేటకు ఫిల్మ్‌నగర్ పక్కనే. పాతకాలపు కథ తీసేవాళ్లకు పాత కారు కావాలి కదా! మామయ్య బండి అలా షూటింగులకు అద్దెకు పోతుంది. అందులో ముల్లు కదిలే డయలు రేడియో ఉంది. కెమెరా దగ్గరికి వచ్చినప్పుడు బండి వయసుకు ఆ డయలే సాక్ష్యం.

ఒక రాత్రి వాన సీను తీశారు. వాన అంటే దేవుడిచ్చింది కాదు, ట్యాంకరు నీళ్లు గొట్టాల్లోంచి చిమ్మటం! మర్నాటినుంచి రేడియోలో బుస్సుమనే చప్పుడు తప్ప మాట లేదు. దుకాణానికి తీసుకుపోతే అక్కడివాడు పాట్లు పడకుండా తేల్చేశాడు: "రేడియో ఖతమైంది సార్. తీసేసి కొత్త సెట్టు పెట్టుకోండి, బ్లూటూత్ కూడా వస్తది." కొత్త సెట్టు ఆ పాత రంధ్రాల్లో పట్టదు, డాష్‌బోర్డు కోయాలి. కోసిన డాష్‌బోర్డును మళ్లీ అతికించలేం. కోస్తే అది పాత కారు కింద అద్దెకు పోవటమూ కష్టమే. మామయ్య సరేనని వచ్చి ఇంట్లో చెబుతుంటే, "ఒక్కరోజు ఆగు మామయ్యా" అన్నాను.

ఏరియల్ చేసే పని

మీడియం వేవ్‌లో 738 కిలోహెర్ట్జ్ తరంగాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ఇది హైదరాబాదు కేంద్రానిదే. దాని పొడవు సుమారు 406 మీటర్లు. మన కారు మీది కడ్డీ మీటరుకు అటూ ఇటూ. ఏనుగు ముందు చీమ అన్నమాట. కనుక అది పట్టే సంకేతం అతి స్వల్పం. ఆ స్వల్పాన్ని రేడియోదాకా తీసుకువెళ్లేది కేబుల్. అందులో మధ్యన సన్నని తీగ, చుట్టూ రాగి అల్లిక ఉంటాయి. ఈ రెంటి మధ్యా ఒక కెపాసిటరు దానంతటదే ఏర్పడుతుంది. అది ఎంత పెద్దదైతే సంకేతాన్ని అంత మింగేస్తుంది. అందుకనే కారు ఏరియల్ కేబుల్‌ను ప్రత్యేకంగా చేస్తారు. మధ్య తీగ చుట్టూ ప్లాస్టిక్ ముద్ద కాకుండా బోలు గొట్టం, దానిలో గాలి ఉండేలా చూస్తారు.

ఇప్పుడు ఆ గాలి ఉన్న చోటికి నీరు చేరిందనుకోండి. విద్యుత్ క్షేత్రం విషయంలో నీటి గుణకం గాలికన్నా దాదాపు 80 రెట్లు. నీరు నిలిచిన మేరకు కెపాసిటరు అంత పెరిగిపోతుంది. పైగా బోరు నీళ్లల్లో లవణాలెక్కువ. అవి కరిగిన నీటిలోంచి సంకేతం దారి తప్పి కారు రేకులోకి కారిపోతుంది. నీరు ఆరినా ఉప్పు పొర మిగిలి, గాలిలోని చెమ్మను మళ్లీ మళ్లీ పీలుస్తుంది. ఎండాకాలంలో పలికి ముసురు రోజున మూగబోయే రేడియోల రహస్యం ఇదే.

ఎఫ్.ఎం. సంగతి వేరు. 100 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు మూడు మీటర్లు. అందులో నాలుగోవంతు, అంటే 75 సెంటీమీటర్లు, ఇంచుమించు మన కడ్డీ పొడవే. ఆ పౌనఃపున్యంలో తెగిన అతుకు సన్నని సందును కూడా సంకేతం దాటిపోగలదు. కనుక రెండూ ఉన్న రేడియోలో ఎఫ్.ఎం. బాగా వస్తూ మీడియం వేవ్ ఒక్కటే చచ్చిపోతే ముందుగా ఏరియల్‌నే అనుమానించాలి.

దొంగను పట్టే విధానం

ముందు రేడియో వెనకనుంచి ఏరియల్ ప్లగ్గు ఊడదీయండి. ఆ సాకెట్టు మధ్య రంధ్రంలో ఒక మీటరు తీగ దూర్చి కిటికీలోంచి బయటకు వేలాడదీయండి. స్టేషన్లు పలికితే రేడియో నిర్దోషి. మా పద్మినిలో వెంటనే వార్తలు వినబడ్డాయి! మామయ్య "అరె, బతికే ఉందిరా!" అన్నాడు.

తర్వాత ఊడదీసిన ప్లగ్గుకు మల్టీమీటరుతో మూడు పరీక్షలు చేయాలి.

ఒకటి: ప్లగ్గు కొన నుంచి కడ్డీ దాకా. నిరోధం ఓము, రెండోములకు అటూ ఇటూ ఉండాలి. తీగ మరీ సన్నమైతే కాస్త ఎక్కువ చూపినా తప్పు లేదు. కేబుల్‌ను కదిపినప్పుడు ముల్లు ఎగిరిపడితే అతుకు వదులైనట్టు.

రెండు: ప్లగ్గు బయటి తొడుగు నుంచి కారు రేకు దాకా. దాదాపు సున్నా ఉండాలి. లేకపోతే ఎర్తు పోయినట్టు. ఆక్సిలరేటరు తొక్కినకొద్దీ రేడియోలో టకటక శబ్దం జోరందుకోవటం దీని లక్షణం.

మూడు: కొన నుంచి తొడుగు దాకా. మీటరులోని అత్యధిక రేంజిలో కూడా ముల్లు కదలకూడదు. కదిలిందా, లోపల నీరు ఉందన్నమాటే. ఈ పరీక్షలో కడ్డీని గాని, మీటరు కొనలను గాని చేత్తో పట్టుకోవద్దు, మన ఒళ్లే తప్పుడు లెక్క చూపిస్తుంది.

మా బండిలో మొదటిది సరిగానే ఉంది. రెండోది 38 ఓములు చూపింది. మూడోది సుమారు 60 కిలోఓములు. ఇక సందేహమేముంది?

మరమ్మతు

బ్యాటరీ నెగెటివ్ వైరు ఊడదీసిన తర్వాతే పని మొదలుపెట్టాలి. ఏరియల్ నట్టు విప్పి, వాషర్ల వరుస గుర్తుంచుకుని, మడ్‌గార్డు కిందనుంచి దాన్ని తీశాం. అడుగున నీరు పోవటానికి చిన్న రంధ్రం ఉంటుంది. అది మట్టితో పూడిపోయింది. పై రబ్బరు ఎండి పగిలింది. అలా దిగిన నీరు గొట్టంలో నిండి, రాగి అల్లికలో దీపం వత్తిలోకి నూనె ఎక్కినట్టు ఎక్కింది. నీరు, ఉప్పు, రెండు వేర్వేరు లోహాలు కలిస్తే అదొక చిన్న బ్యాటరీ. రేకు తుప్పుపట్టింది. చిలుముపట్టినచోట రాగి పచ్చగా, లోపల నల్లగా మారింది.

నల్లబడ్డ రాగి మీద సోల్డరు పట్టదు, తామరాకు మీద నీటిబొట్టులా జారిపోతుంది. ఎంత గీకినా లాభం లేదు. తళతళలాడే రాగి కనబడేదాకా కేబుల్‌ను కోయాలి. అక్కడే చాలామంది తొందరపడి తీగలు మెలిపెట్టి టేపు చుడతారు. వచ్చే వానకు కథ మళ్లీ మొదటికొస్తుంది. రోజిన్ ఉన్న సోల్డరుతో, ఇన్సులేషను కరిగిపోకుండా త్వరగా అతకాలి. రేకులకు వాడే యాసిడ్ వద్దు, అది తర్వాత రాగినే తినేస్తుంది. అతుకు మీద వేడికి ముడుచుకునే తొడుగు వేయాలి. పైన సిలికాన్ పూసేటట్టయితే వెనిగర్ వాసన వచ్చే రకం పనికిరాదు. దాని ఆమ్లం కూడా రాగికి శత్రువే. "న్యూట్రల్" అని రాసి ఉన్నది చూసి తీసుకోవాలి.

బోలు గొట్టం పొడవునా నీరుంటే, కేబుల్‌ను రెండు చివరలూ తెరిచి రెండు రోజులు ఎండలో వేలాడదీసి చూడండి. మూడో పరీక్షలో ముల్లు ఇంకా కదులుతుంటే కొత్త కేబుల్ వేయక తప్పదు. మాకు అదే చేయాల్సివచ్చింది. టీవీ కేబుల్ మిగిలి ఉంది కదా అని అది మాత్రం వేయకండి. అందులో కెపాసిటరు గుణం మీటరుకు 67 పికోఫారడ్ల దాకా ఉంటుంది, కారు కేబుల్‌లో సుమారు అందులో సగమే.

ఏరియల్ కూర్చునే చోట, మడ్‌గార్డు అడుగున రంగూ తుప్పూ ఎమరీ కాగితంతో రుద్ది, మెరిసే లోహం కనబడ్డాక పెట్రోలియం జెల్లీ పలచగా పూశాం. రబ్బరు మార్చాం, రంధ్రం శుభ్రం చేశాం. కేబుల్ కారులోపలికి దూరేముందు కిందికి ఒక వంపు ఇచ్చాం. తీగ వెంట వచ్చిన చుక్క ఆ వంపు దగ్గరే కిందపడుతుంది, లోపలికి రాదు.

ఇక్కడితో అయిపోలేదు. పాత రేడియోల్లో ఏరియల్ సాకెట్టు దగ్గర ట్రిమ్మరు అనే చిన్న మర ఉంటుంది. కేబుల్ మారితే దాన్నీ సరిచేయాలి. 1400 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో బలహీనమైన స్టేషను ఒకటి పట్టి, శబ్దం గరిష్ఠమయ్యేదాకా మెల్లగా తిప్పాలి. స్టేషను దొరకకపోతే బుస్సు శబ్దం ఎక్కడ ఎక్కువైతే అక్కడ ఆపినా చాలు.

వరదలో మునిగిన కార్ల విషయం కాస్త వేరు. 2020 అక్టోబరు వానలకు షేక్‌పేట పొరుగునే టోలీచౌకి నదీం కాలనీలో నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. అలాంటప్పుడు నీరు పైనుంచి కాక డాష్‌బోర్డు వెనకనుంచి, బురదతో సహా వస్తుంది. ప్లగ్గునూ అతుకులనూ ముందు మంచినీళ్లతో కడిగి, బాగా ఆరనిచ్చి, ఆ తర్వాతే పరీక్షలు మొదలుపెట్టాలి. రేడియోలోకే నీరు పోయుంటే ఆరేదాకా స్విచ్చి వేయకూడదు.

మా పద్మిని రేడియో మూడో రోజు సాయంత్రానికి పలికింది. కేబుల్, రబ్బరు, సోల్డరు అన్నీ కలిపినా కొత్త సెట్టు ఖరీదులో ఒక మూలకు కూడా రాలేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, డాష్‌బోర్డు మీద రంపం పడలేదు. మిత్రులారా, ఏ వస్తువునైనా "ఖతమైంది" అని ఎవరైనా తేల్చేస్తే, తీసి పారేసేముందు ఒక మీటరు తీగతో పరీక్ష చేసి చూడండి. ఏటా తొలకరికి ముందు ఏరియల్ రబ్బరునూ, కింది రంధ్రాన్నీ చూసుకుంటే ఇంత శ్రమ కూడా ఉండదు.

మామయ్య మాత్రం ఇప్పుడు ఇంకో అడుగు ముందున్నాడు. వాన సీను అని తెలిస్తే చాలు, ఏరియల్ మొదట్లో ప్లాస్టిక్ సంచి కట్టి పక్కనే నిలబడతాడు. కెమెరా సిద్ధమైందని కేకవేసేదాకా విప్పనివ్వడు!