గీసేది ఒక్క గేటు... లేవాల్సినవి ఇరవై రెండు!

వంశధారకు వరదొచ్చిందంటే శ్రీకాకుళం జిల్లా చూపంతా హిరమండలం వైపే. ఎగువన ఒడిశాలో వానలు దంచికొడితే గొట్టా బ్యారేజీ గేట్లు లేపాల్సిందే. వరదనీటిని వదిలే గేట్లు మొత్తం 22. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. అలాగని అన్నీ ఒకేసారి, ఒకే ఎత్తుకు లేవాలనేం లేదు. వచ్చే నీటిని బట్టి కొన్ని ఎక్కువ, కొన్ని తక్కువ.

సరిగ్గా ఇక్కడే కంప్యూటర్ తికమకపడుతుంది!

పూర్వం డ్రాయింగ్ ఆఫీసుల్లో ట్రేసింగ్ కాగితం మీద ఒక గేటు గీసి, పక్కన 'ఇలాంటివి ఇన్ని' అని రాస్తే సరిపోయేది. ఇప్పుడు రాజాం, విజయనగరం కాలేజీల్లో మెకానికల్ చదివే పిల్లలు సాలిడ్‌వర్క్స్ లాంటి 'క్యాడ్' సాఫ్ట్‌వేర్లో గేటును నిజం గేటులాగే బిగిస్తారు. ఉక్కు పలక, వైరు రోపు, అది చుట్టుకునే డ్రమ్ము, గేర్లు, మోటారు... మౌసుతో లాగితే గేటు లేస్తుంది. భలే ఉంటుంది. ఇక మిగిలింది కాపీలు తీయడమేగా అనుకుంటారు.

కదలని కాపీలు

తీరా బ్యారేజీ ఫైల్లోకి తెచ్చి పెట్టాక, ఏ గేటూ కదలదు! ఇలా బయట బిగించి తెచ్చిన యంత్రాన్ని సాఫ్ట్‌వేర్ మామూలుగా ఒకే గట్టి ముద్దగా చూస్తుంది. దాన్ని 'ఫ్లెక్సిబుల్'గా మార్చాలి. మార్చి, ఒకే ఊపులో వరసగా కాపీలు తీస్తే ఇంకో చిక్కు. కదలికలను జతచేసే మీట ఆన్‌లో ఉంటే ఒకటి లేపగానే అన్నీ లేస్తాయి. బొబ్బిలి వీణకు బిరడాలన్నీ ఒకేలా ఉంటాయి కదా! ఒకటి తిప్పితే అన్నీ తిరిగితే ఇక శ్రుతి కుదిరినట్టే!

దీనికో దారి 'కాన్ఫిగరేషన్లు'. ఒకే గేటు ఫైల్లో 'మూసినది', 'సగం లేపినది', 'పూర్తిగా లేపినది' అని వేర్వేరు రూపాలు దాచుకుని, ఏ కాపీకి ఏది కావాలో చెప్పడం. కంప్యూటర్‌కు ఇది తేలిక. కాకపోతే కదలిక కనబడదు, ఫొటోల్లా నిలబడతాయి. ప్రతి కాపీకీ స్వేచ్ఛ ఇస్తే కదలిక చక్కగా వస్తుంది గానీ కంప్యూటర్ మొరాయిస్తుంది. ప్రతి గేరూ, ప్రతి తాడూ ఎక్కడుండాలో అది లెక్కేయాలి మరి. పోలవరం సంగతే తీసుకోండి. 48 గేట్లు, ఒక్కోదానికి రెండేసి హైడ్రాలిక్ సిలిండర్లు... మొత్తం 96! అందుకే పరీక్షించాల్సిన ఒకటి రెండు గేట్లకే కదలిక ఇచ్చి, మిగతావాటిని బొమ్మల్లా ఉంచడమే తెలివైన పని.

పంతొమ్మిదో గేటు

ఇదంతా తెరమీది ఆటే అనుకోవద్దు. తుంగభద్ర డ్యామ్‌కు 33 గేట్లు. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. గేటు గేటుకూ గొలుసు వేరు కాబట్టి మిగతా 32 నిలిచాయి. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు ఆధ్వర్యంలో, పారుతున్న నీటిలోనే స్టాప్‌లాగ్‌లు దించి వారం తిరిగేసరికి ఆ ఖాళీని మూశారు. కానీ అనుమానం మాత్రం అన్ని గేట్ల మీదా పడింది. అన్నీ 1950ల నాటివే, అన్నీ ఒకే తీరువి. చివరికి మొత్తం 33 గేట్లనూ మార్చాలని నిర్ణయించారు.

కంప్యూటర్లో అయితే అసలు ఫైల్లో ఒక్క గొలుసు కొలత దిద్దితే చాలు, కాపీలన్నింటిలోనూ మారిపోతుంది. నది మీద మాత్రం ఒక్కో గేటునూ విప్పాలి, ఒక్కోదాన్నీ బిగించాలి... అదీ మళ్లీ వరద వచ్చేలోగా.