యూరప్ చదువులకు వెళ్లే మన పిల్లలు సిమ్ గురించి తెలుసుకోవాల్సినవి

అంబేడ్కర్ 1920లలో లండన్‌లో చదువుకుంటూనే జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయంలోనూ పేరు నమోదు చేసుకున్నారు. నూరేళ్ల తర్వాత కృష్ణా డెల్టాలోని మాలపల్లెల నుంచి, మాదిగగూడేల నుంచి కూడా పిల్లలు ఆ దేశాలకు చదువులకు వెళ్తున్నారు. లండన్‌లోనో బెర్లిన్‌లోనో మేనమామ ఉన్న కుటుంబాలకు అక్కడ ఏ సిమ్ కొనాలో, ఏది కొనకూడదో ఒక్క ఫోన్‌కాల్‌తో తెలిసిపోతుంది. మన ఇళ్లలో చాలావరకు అలాంటి మేనమామ ఉండడు. పరిశోధక విద్యార్థులుగా మేము ఈ వ్యాసం రాస్తున్నది అందుకే.

సరిహద్దులు ఉన్నా సర్కిల్ ఒక్కటే

2014లో రాష్ట్రం విడిపోయినా టెలికాం లెక్కల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఒకే సర్కిల్‌గా కొనసాగుతున్నాయి. విజయవాడ సిమ్‌కు హైదరాబాద్ పరాయి ఊరు కాలేదు. యూరోపియన్ యూనియన్ చేసింది దాదాపు అలాంటి పనే. 2017 జూన్ 15 నుంచి ఒక సభ్యదేశపు సిమ్‌ను మరో సభ్యదేశంలో వాడితే, సొంత దేశంలో పడే ధరే పడుతుంది. 27 సభ్యదేశాలతో పాటు నార్వే, ఐస్‌లాండ్, లీకెన్‌స్టైన్ కూడా ఇందులో ఉన్నాయి. 2022లో ఈ చట్టాన్ని 2032 వరకు పొడిగించారు.

అంటే బాన్‌లో చదివే విద్యార్థి జర్మన్ సిమ్‌తోనే నెదర్లాండ్స్‌లోని హేగ్‌కు సదస్సుకు వెళ్లి రావచ్చు. అదనపు ఖర్చు ఉండదు. అయితే కొన్ని చవక ప్లాన్లలో రోమింగ్ సౌకర్యమే ఉండదు. కొనేముందు ఆ ఒక్క మాట అడగాలి.

మనవాళ్లు ఎక్కువగా వెళ్లే రెండు చోట్లు

దళిత ఉద్యమకారులు ఐక్యరాజ్యసమితి ముందు కులవివక్షను వినిపించేది జెనీవాలో. జాతివివక్ష నిర్మూలన కమిటీ 2002లో పుట్టుక ఆధారంగా సాగే వివక్షపై 29వ సాధారణ సిఫార్సు ఇచ్చింది కూడా అక్కడే. కానీ జెనీవా ఉన్న స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు. ఫ్రాన్స్ నుంచి అరగంట ప్రయాణంలో సరిహద్దు దాటేస్తాం. దాటగానే ఫోన్ స్విస్ టవర్‌ను అందుకుంటుంది, మీటర్ వేరే ధరలో తిరుగుతుంది. సరిహద్దుకు ముందే డేటా రోమింగ్ ఆపేయాలి.

లండన్‌దీ అదే కథ. అంబేడ్కర్ నివసించిన కింగ్ హెన్రీస్ రోడ్డులోని 10వ నంబరు ఇల్లు చూడ్డానికి మనవాళ్లు చాలామంది వెళ్తారు. బ్రిటన్ యూనియన్ నుంచి బయటికి వచ్చాక ఉచిత రోమింగ్‌కు చట్టపరమైన హామీ పోయింది. ఇప్పుడది కంపెనీ ఇష్టం. ఏ దేశంలో అడుగుపెట్టినా ధరలు చెప్పే మెసేజ్ వస్తుంది. దాన్ని చదవకుండా డేటా తెరవొద్దు.

హద్దులు ఎక్కడున్నాయి

ఒక దేశంలో చవగ్గా సిమ్ కొని, ఏళ్ల తరబడి మరో దేశంలో వాడుకోవడం కుదరదు. కనీసం నాలుగు నెలల వాడకాన్ని కంపెనీ గమనించవచ్చు. ఉండటం, వాడటం రెండూ బయటి దేశాల్లోనే ఎక్కువైతే హెచ్చరిక పంపుతుంది. 14 రోజుల్లో తీరు మారకపోతే చిన్న అదనపు రుసుము వేస్తుంది. ఆ దేశంతో మీకేం సంబంధమని రుజువు అడిగితే భయపడొద్దు. అక్కడ పూర్తికాలం చదువుతున్నామన్న పత్రం చాలు.

అన్‌లిమిటెడ్ డేటా ప్లాన్లకూ ఒక లెక్క ఉంది. పన్ను తీసేసిన ప్లాన్ ధరను ఒక జీబీ టోకు ధరతో భాగించి రెట్టింపు చేస్తారు. 2026లో ఆ టోకు ధర 1.10 యూరోలు. కాబట్టి 11 యూరోల ప్లాన్‌కు ఇతర దేశాల్లో కనీసం 20 జీబీ ఇచ్చి తీరాలి.

ఇంకో మెలిక. ఫ్రాన్స్‌లో ఉండి జర్మన్ సిమ్‌తో జర్మనీకి చేస్తే అది రోమింగ్, మామూలు ధరే. జర్మనీలో కూర్చుని ఫ్రాన్స్‌కు చేస్తే అది విదేశీ కాల్. దానికి నిమిషానికి పన్ను కాకుండా 19 సెంట్ల వరకు తీసుకోవచ్చు. ఇంటికి మాట్లాడటానికి వాట్సాప్ కాలే మేలు.

జర్మనీలో 2017 జూలై నుంచి ప్రీపెయిడ్ సిమ్‌కు కూడా గుర్తింపు తనిఖీ తప్పనిసరి, పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోండి. పర్యాటకులకు అమ్మే ఈసిమ్‌లలో చాలావాటికి ఫోన్ నంబరే ఉండదు, డేటా మాత్రమే వస్తుంది. బ్యాంకు ఖాతాకూ విశ్వవిద్యాలయానికీ ఇవ్వడానికి అవి పనికిరావు.

ఇక్కడి నంబరే అసలు ప్రాణం

ఆధార్, బ్యాంకు, స్కాలర్‌షిప్ పోర్టల్ అన్నీ ఓటీపీ పంపేది ఊరి నంబరుకే. అది చచ్చిపోతే అక్కడ ఫీజు గడువు ముంచుకొస్తుంటే ఇక్కడి ఖాతా తెరుచుకోదు. పొలం పనికి వెళ్లే అమ్మానాన్నలు విజయవాడలో ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

ట్రాయ్ నిబంధన ప్రకారం ప్రీపెయిడ్ నంబరును 90 రోజులు అసలు వాడకపోతే రద్దు చేయవచ్చు. ఖాతాలో కనీసం 20 రూపాయలుంటే ఆ కారణంతో రద్దు చేయకూడదు. కానీ ప్లాన్ గడువు తీరితే మెసేజ్‌లు అంతకుముందే ఆగిపోవచ్చు. డేటా లేకుండా కాల్స్, మెసేజ్‌లకే పరిమితమైన ప్లాన్లు ఇవ్వాలని 2024 డిసెంబరులో ట్రాయ్ ఆదేశించింది. వాటి గడువు 365 రోజుల వరకు ఉండొచ్చు. అలాంటి ఏడాది ప్లాన్ వేయించుకోవడం మంచిది.

బయలుదేరే ముందు మూడు పనులు చేయాలి. మన పల్లెల్లో సిమ్ నాన్న పేరుతోనో అన్న పేరుతోనో ఉండటం మామూలే. దాన్ని సొంత పేరుకు మార్పించుకోవాలి. మన పేరుతో ఎన్ని కనెక్షన్లున్నాయో సంచార్ సాథీ పోర్టల్‌లో చూసుకోవచ్చు. రెండోది, అంతర్జాతీయ రోమింగ్‌ను ఇక్కడే తెరిపించి, విదేశంలో మెసేజ్ అందుకోవడానికి ఛార్జీ ఉందో లేదో కంపెనీని అడగాలి. మూడోది, రెండు సిమ్‌లు పట్టే ఫోన్ చూసుకోవాలి. అక్కడ మన సిమ్ ఓటీపీకి మాత్రమే ఉండాలి. దాని డేటా రోమింగ్ ఎప్పుడూ ఆపి ఉంచాలి, దాంట్లో కాల్ ఎత్తినా డబ్బు పోవచ్చు.

ఇవేవీ పెద్ద రహస్యాలు కావు. తరతరాలుగా విదేశాలు చూసిన ఇళ్లలో మాటల్లోనే అందే సంగతులు. మొదటి తరం విద్యార్థికి ఇవి చెప్పే బాధ్యత ప్రభుత్వానిది. విదేశీ విద్య స్కాలర్‌షిప్ మంజూరు పత్రంతో పాటు ఇలాంటి సమాచారాన్ని తెలుగులో ఇవ్వాలని సాంఘిక సంక్షేమ శాఖను మేము డిమాండ్ చేస్తున్నాం. అది జరిగేలోగా ముందు వెళ్లినవాళ్లు వెనక వచ్చేవాళ్లకు చెప్పాలి. మన పిల్లలకు మేనమామలం మనమే కావాలి.